వెలిగించని కర్పూరం

పచ్చయ్యప్ప అరచేతి తోలు ఊడి ఇత్తడి తట్టకు అంటుకుపోవడం నేను మా అంగట్లో కూర్చునే చూశాను. అతని ఇల్లు మా అంగడికి ఎదురు వరసలో రెండోది. ప్రెసిడెంటు తమ్ముడు చెంగల్వరాయుడు ఆరుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. తట్టలో కర్పూరం వెలిగించి, పక్కన చెరుకు నరికే కత్తి పెట్టి, తన అన్నకే ఓటు వేస్తానని ప్రమాణం చేయమన్నాడు. మంట మీద అరచెయ్యి కప్పి ఆర్పితే మాట ఇచ్చినట్టు. పచ్చయ్యప్ప కొంచెం ఆలోచించాడు. అదే అతని తప్పయింది. ఇద్దరు అతని మణికట్టు పట్టుకున్నారు. చిన్న బిళ్ళయితే రెప్పపాటులో ఆరిపోతుంది. చెంగల్వరాయుడు డబ్బీ మొత్తం తట్టలో కుమ్మరించి, అది కరిగి మండుతూ ఉండగా ఆ చేతిని అందులోకి అదిమించాడు.

ఆ డబ్బీ మా అంగట్లో కొన్నదే. నేనే ఇచ్చాను.

అది ఎనభై ఆరో సంవత్సరం, తమిళ లెక్కలో మాసి నెల మొదలు. పదహారేళ్ళ తర్వాత ఊళ్ళకు ప్రెసిడెంటు ఎలక్షన్లు వచ్చాయి. మా ఊరు కనకమ్మ సత్రానికి మూడు మైళ్ళ దూరం. డెబ్బైలో జరిగిన ఎలక్షన్లో దొరస్వామి ప్రెసిడెంటు అయ్యాడు. తర్వాత పంచాయతీలు ఆఫీసర్ల చేతికి పోయినా, ప్రెసిడెంటు అన్న పేరు మాత్రం ఆయనకే ఉండిపోయింది. పంచాయతీ బోరు నీళ్ళు ఆయన చెరుకుకు పారినంత సేపు పారి, మిగిలినవే వీధి కొళాయికి వచ్చేవి. ఈసారి ఆయన మీద నటరాజు నిలబడ్డాడు. పట్నం పక్క ఆవడి ఫ్యాక్టరీలో పని చేసి, నడుము దెబ్బతిని ఊరికి వచ్చినవాడు. మొదట నీళ్ళు వీధికి, తర్వాతే చేనుకు అని ఒక్క మాటే చెప్పుకొని తిరిగాడు.

నటరాజు నామినేషన్ వేసిన మరుసటి రోజు అతని గడ్డివాము కాలిపోయింది. మూడో రోజు అతని ఎద్దు వెనక కాలి నరం ఎవరో కోసేశారు. అది లేవలేక, ముందు కాళ్ళతో నేలను గీరుకుంటూ, పొద్దు వాలేదాకా అరిచింది. చివరికి నటరాజే గొడ్డలి తీసుకొని దాన్ని చంపుకోవలసి వచ్చింది. ఆ తర్వాత దొరస్వామి తమ్ముడు చెంగల్వరాయుడు కర్పూరం తట్టతో ఇంటింటికీ బయలుదేరాడు. మొదటి ప్రమాణం వాళ్ళ ఇంట్లోనే చేయించాడు. ముత్తైదువతో మొదలుపెడితే మంచిదని వదిన రుక్మిణమ్మ చేత కర్పూరం ఆర్పించి, అప్పుడు వీధిలోకి వచ్చాడు.

ఊళ్ళో తొమ్మిది వందల ఓట్లు. తట్ట తిరిగి వచ్చేసరికి దొరస్వామికి నాలుగు వందల తొంభై ఖాయమని వాళ్ళు చెప్పుకున్నారు. తక్కినవన్నీ నటరాజుకే పడినా ఎనభై ఓట్ల మెజారిటీ. కర్పూరం మీద చేసిన ప్రమాణాన్ని మా ఊళ్ళో ఎవరూ తప్పరు. మా ఊరి అమ్మవారు పొన్నెమ్మ కళ్ళు తీస్తుందని భయం.

అయితే తప్పడానికి ఒక దారి ఉంది. దాన్ని మగవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. ప్రమాణం నిలబెట్టుకోలేనివాళ్ళు ముందుగానే పొన్నెమ్మ గుడికి పోయి, బలిపీఠం మీద ఉప్పు మిరియాలు పోసి, దాని మీద ఒక కర్పూరం బిళ్ళ వెలిగించకుండా పెట్టి వస్తారు. వెలిగించినదాన్ని ఆర్పాను తల్లీ, ఇది వెలిగించనిది, లెక్క సరి చేసుకో అని మొక్కుకుంటారు. మాట ఇచ్చినది తిరిగి తీసుకోవడం అన్నమాట. మాట తప్పిన తర్వాత పోస్తే చెల్లదు. ముందే పోయాలి.

గుడి ముందర అంగడి మాదే. మా అమ్మ కుప్పమ్మకు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి అక్కడ కూర్చునేది నేను. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. పాత పేపర్లు చించి పొట్లాలు కట్టడం, వచ్చేవాళ్ళను పోయేవాళ్ళను చూడడం నా పని. పులిపిర్లు పోవాలని ఉప్పు మిరియాలు పోసేవాళ్ళు వేరు. పిల్లల్ని వెంటబెట్టుకొని, మాట్లాడుకుంటూ వస్తారు, అగ్గిపెట్టె కూడా అడుగుతారు. ఈసారి వచ్చిన ఆడవాళ్ళు ఎవరికి వాళ్ళు ఒంటరిగా వచ్చారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, వీధిలో మనిషి లేనప్పుడు వచ్చారు. పొట్లం తీసుకున్నారు, కర్పూరం తీసుకున్నారు. అగ్గిపెట్టె అడగలేదు.

మొదట వచ్చింది రుక్మిణమ్మ. మంగళవారం. ఆమె కింది పెదవి చిట్లి ఉంది. అది కొత్త కాదు. ఆమె మొహం మీద ఏదో ఒక దెబ్బ ఎప్పుడూ మానుతూనో, కొత్తగా తగులుతూనో ఉండేది. ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. ఆమె చేతిలో కర్పూరం బిళ్ళ పెట్టినప్పుడు నా వైపు ఒక్కసారి చూసింది. నేను చూడనట్టు పొట్లాలు సర్దుకున్నాను.

నాలుగో పొట్లం పచ్చయ్యప్పది. మగవాడు వచ్చింది అతనొక్కడే. కుడి చేతికి గుడ్డ చుట్టుకొని, ఎడమ చేత్తో పొట్లం అందుకున్నాడు. తర్వాత దొరస్వామి చెరుకు గానుగ దగ్గర ఇంజను చూసే ఏసు భార్య. ఏసు ఆదివారం చర్చికి పోయేవాడే. అయినా అతని చేత కూడా కర్పూరం ఆర్పించారు. ఎందుకైనా మంచిదని ఆమె పొన్నెమ్మకు పోసుకుంది. పది రోజుల్లో ముప్ఫై ఒక్క పొట్లాలు. ఇంటికి రెండు ఓట్లు వేసుకున్నా అరవై రెండు. ఇక్కడ తగ్గి అక్కడ పెరిగితే ఎనభై మెజారిటీ పోయి, దొరస్వామి నలభై నాలుగు ఓట్లకు ఓడిపోతాడు. వేళ్ళ మీద రెండుసార్లు సరి చూసుకున్నాను.

ఈ లెక్క నా కడుపులోనే ఉంటే ఏమీ జరిగేది కాదు.

మా అన్న జయరామ్ చెరుకు బండి తోలేవాడు. నోరు పెద్దది, మనసు మంచిది, పెంచుకున్న మీసం ఇంకా పెద్దది. ఒకరోజు అన్నం తింటూ నన్ను ఆట పట్టించాడు.

"ఏమే మీనాంబా, పొద్దస్తమానం ఆడ కూసోని అందర్నీ చూస్తా ఉంటావు గదా. ఎవురు గెలుస్తారో చెప్పు చూస్తాం."

నన్ను ఎవరూ ఏమీ అడగరు. అడిగినా జవాబు కోసం ఆగరు. వాడు ముద్ద చేతిలో పట్టుకొని ఆగాడు. అందుకే చెప్పాను. దొరస్వామి ఓడిపోతాడని, నలభై నాలుగు ఓట్లకని, నాకు ఎట్లా తెలిసిందో కూడా. పేర్లు మాత్రం చెప్పలేదు. వాడు ఎంత అడిగినా చెప్పలేదు. జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను.

మర్నాడు కనకమ్మ సత్రంలో టీ అంగడి దగ్గర దొరస్వామి మనుషులు మెజారిటీ నూరా నూట యాభయ్యా అని వాదించుకుంటూ ఉంటే, జయరామ్ మధ్యలో దూరి, మీ ప్రెసిడెంటు నలభై నాలుగు ఓట్లకు ఓడిపోతాడు, ఓడకపోతే తిరుత్తణిలో గుండు కొట్టించుకొని మీసం తీసి మీ ఇంటి గుమ్మానికి కడతానన్నాడట. మీసం పందెం మామూలే. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ నలభై అనలేదు, యాభై అనలేదు. నలభై నాలుగు అన్నాడు. చెంగల్వరాయుడి చెవికి ఆ నాలుగు తగిలింది. లెక్క పెట్టకుండా ఎవడూ ఆ నాలుగు చెప్పడు.

ఓటుకు ఇంకా ఐదు రోజులు ఉన్నాయి. ఉదయం పది గంటలప్పుడు చెంగల్వరాయుడు అంగడి ముందు మోటారు సైకిలు ఆపాడు. అతని తెల్ల చొక్కా చేతి మీద రక్తం చిమ్మి ఉంది.

"లేసి రా పాపా," అన్నాడు. "మీ అన్న గానుగ కాడ నిన్ను పిలస్తా ఉండాడు."

గానుగ కొట్టం ఊరి బయట, చెరుకు తోటల మధ్య. ఆయిలింజను చప్పుడు దూరం నుంచే వినిపిస్తోంది. బెల్లం పెనం కింద మంట మండుతోంది. చుట్టూ పన్నెండు మంది కూలీలు నరుకుడు కత్తులు చేతుల్లో పట్టుకొని పని ఆపి నిలబడి ఉన్నారు. వాళ్ళలో పచ్చయ్యప్ప కూడా ఉన్నాడు. పెనం దగ్గర రుక్మిణమ్మ పొడుగాటి ఇనుప గరిటెతో మడ్డి తీస్తోంది. కూలీలకు కూడు తెచ్చినప్పుడల్లా ఆ పని కూడా ఆమే చూసేది. దొరస్వామి నులక మంచం మీద కూర్చొని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

మా అన్నను గానుగ ముందు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. మొహం గుర్తు పట్టేట్టు లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, మీసం సగం పీకి ఉంది, ఆ చోట రక్తం ముద్దగా ఉంది. ఇద్దరు అతని కుడి చెయ్యి పట్టుకొని తిరుగుతున్న రోలర్లకు జానెడు దూరంలో ఉంచారు. ఉప్పు మిరియాల సంగతి, ముప్ఫై ఒక్క పొట్లాల లెక్క వాడు అప్పటికే చెప్పేశాడు. ఆ మొహం చూస్తే, అంత సేపు చెప్పకుండా ఎట్లా ఉన్నాడా అనిపించింది.

దొరస్వామి నాతో మెల్లగానే మాట్లాడాడు. "నీ మీద నాకు కోపం లేదు పాపా. అంగడన్నాక సరుకు అమ్మాల్సిందే. కొనినోళ్ళ పేర్లు చెప్పి, మీ అన్నను తోడుకొని ఇంటికి పో."

నేను గుర్తు లేదన్నాను. ఆయన తమ్ముడి వైపు చూశాడు. చెంగల్వరాయుడు జయరామ్ చిటికెన వేలు ఒక్కటే విడదీసి, చెరుకు గడ అందించినట్టు రోలర్ల మధ్యకు అందించాడు. చప్పుడు పెద్దగా రాలేదు. ఇంజను చప్పుడులో కలిసిపోయింది. అన్న అరుపు మాత్రం కలవలేదు. కింద తొట్టిలోకి కారుతున్న తెల్లటి రసంలో ఎర్రటి చార ఒకటి దిగింది. చేతిని వెనక్కి లాగి, నాకు చూపించి, మళ్ళీ దగ్గర పెట్టారు.

"ఇంకా నాలుగుండాయి," అన్నాడు చెంగల్వరాయుడు. "ఆ పైన చెయ్యుంది."

పేర్లన్నీ నా నాలుక మీద వరసగా ఉన్నాయి. ఒక్కో పేరుకు ఒక్కో ఇల్లు కళ్ళ ముందు నిలబడింది. తాటాకు కప్పు, పూరి కప్పు, మళ్ళీ తాటాకు. నటరాజు గడ్డివాము ఎంత సేపట్లో కాలిందో నేను చూశాను. ఇంజను దగ్గర ఏసు నూనె గుడ్డను రెండు చేతులతో పిసుకుతూ నన్నే చూస్తున్నాడు. నా నోటి నుంచి అతని పెళ్ళాం పేరు వస్తే, ఆ రోలర్లలోకి తర్వాత పోయేది తన చెయ్యేనని అతనికి తెలుసు. పచ్చయ్యప్ప నా వైపు చూడనే లేదు. గుడ్డ చుట్టిన కుడి చేతిని వెనక దాచుకున్నాడు.

వాళ్ళు అన్న ఉంగరం వేలు విడదీశారు.

"మొదటి పొట్లం ఎవురు కొనిందో మాత్రం చెప్తాను," అన్నాను.

దొరస్వామి తమలపాకు మడుస్తూ తల ఊపాడు.

"రుక్మిణమ్మ."

చెంగల్వరాయుడు నవ్వాడు. ఏ రుక్మిణమ్మ, వడ్లోళ్ళ రుక్మిణమ్మా అని అడిగాడు. నేను పెనం వైపు చూశాను. అందరూ అటే చూశారు. ఆమె మడ్డిని బానలో విదిలించి, గరిటెను మళ్ళీ పెనంలో ముంచి ఆగింది.

దొరస్వామి లేచాడు. అవునా అని అడగలేదు. ఆమె తనంతట తానే చెప్పింది.

"మంగళవారం నాడు పోసి వచ్చినాను. నీ తమ్ముడు నాచేత గూడా సూడం బిళ్ళ ఆర్పించినాడు గదా. నా మాట నేను ఎనక్కి తీసుకొన్నాను."

ఆయన గరిటె లాక్కొని, అందులో కాగుతున్న పాకంతో సహా ఆమె మొహం మీద కొట్టాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకొని పిప్పి మీద పడింది. పాకం తడుచుకుంటే పోయేది కాదు. వేళ్ళకు అంటుకొని, వేళ్ళతో పాటు తోలును కూడా తెచ్చింది. ఆయన గరిటె తిరగేసి పట్టుకొని మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. వీపు మీద, తల మీద, కప్పుకున్న చేతుల మీద. కట్టెలు కొట్టేవాడిలా, తొందర లేకుండా కొట్టాడు. కొట్టం అంతా కాలిన బెల్లం వాసన.

అప్పుడు ఇంజను చప్పుడు మారింది. ఏసు కర్రతో బెల్టును చక్రం మీద నుంచి తోసేశాడు. రోలర్లు రెండు చుట్లు తిరిగి ఆగిపోయాయి.

చప్పుడు తగ్గాక రుక్మిణమ్మ గొంతు అందరికీ వినిపించింది. "ఇంకా ముప్ఫై పేర్లుండాయి. అడుగు. నీ పెళ్ళాం తరవాత ఎవురో ఊరంతా విననీ."

దొరస్వామి చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. చెంగల్వరాయుడు బెల్టు ఎక్కించమని ఏసు మీద అరిచాడు. ఏసు కదల్లేదు. జయరామ్‌ను పట్టుకోండిరా అని కూలీల మీద అరిచాడు. పన్నెండు మందిలో ఒక్కడు కూడా ముందుకు రాలేదు. అన్న చెయ్యి పట్టుకున్న ఇద్దరూ ఆ కత్తుల వైపు చూసి మెల్లగా వదిలేశారు. చెంగల్వరాయుడు తానే వంగి అన్న జుట్టు పట్టుకున్నాడు. పచ్చయ్యప్ప రెండడుగులు వేసి, ఎడమ చేతిలోని కత్తిని మొద్దు వైపు తిప్పి, జుట్టు పట్టిన ఆ మోచేతి మీద దించాడు. ఎముక విరగడం చెరుకు గడ విరిగినట్టే వినిపించింది. చెంగల్వరాయుడు నేల మీద కూర్చుండిపోయి, వంకర పోయిన తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

అన్నను, రుక్మిణమ్మను ఒకే చెరుకు బండిలో పడుకోబెట్టి తిరుత్తణి ఆసుపత్రికి తీసుకుపోయాము. ఏసు బండి తోలాడు. నేను మధ్యలో కూర్చొని, ఒక చేత్తో అన్న చేతికి కట్టిన గుడ్డను అదిమి పట్టుకున్నాను. రెండో చేత్తో ఆమె మొహం మీద ఈగలు తోలాను. కొండ మీద గుడి కనిపించినప్పుడు ఏసు కూడా చేతులు జోడించాడు. అన్న వేలు ఒక్కటే పోయింది. ఆమెకు ఎడమ కన్ను పోయింది.

ఓటు రోజు రుక్మిణమ్మ ఆసుపత్రి నుంచి బస్సెక్కి వచ్చింది. తలంతా కట్టు, ఒక్క కుడి కన్నే బయట. బడి ముందర ఆడవాళ్ళ వరస చాలా పొడవుగా ఉంది. ఆమెను ముందుకు పొమ్మన్నారు. ఆమె పోలేదు. చివర నిలబడి, గంటన్నర ఎండలో వరసతో పాటు నడిచింది. వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకు తిరిగారు.

దొరస్వామి నూట తొంభై రెండు ఓట్లకు ఓడిపోయాడు. నా లెక్క ఎక్కడో ఒకచోట కాదు, మొత్తంగా తప్పింది. పొట్లం కొనకుండా, పొన్నెమ్మకు చెప్పుకోకుండా మాట తప్పినవాళ్ళు అంతమంది ఉన్నారు. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీసులు వచ్చారు. దొరస్వామిని, చెంగల్వరాయుడిని, పచ్చయ్యప్పను కూడా తిరువళ్ళూరుకు తీసుకుపోయి కొన్ని రోజులు లోపల ఉంచారు.

తర్వాతి నెల, పంగుని మొదట్లో, మిట్టమధ్యాహ్నం, రుక్మిణమ్మ అంగడికి వచ్చింది. చేతిలో గుడ్డల మూట ఉంది. పొదటూరుపేటలో చెల్లెలి ఇంటికి పోతున్నానని, ఇక ఆ ఇంటికి రానని చెప్పింది. కట్టు విప్పేశారు. ఆ కంటి చోట తోలు ముడుచుకొని ఎర్రగా మెరుస్తోంది. నేను తల దించుకున్నాను.

"నన్ను చూడు," అంది. "ముప్ఫై ఒక్క పేర్లలో నా పేరే ఎందుకు చెప్పినావు?"

ఈ ప్రశ్న కోసం నేను నెల రోజులుగా జవాబు తయారు చేసుకున్నాను. తల ఎత్తాను.

"వాళ్ళు కాల్చలేని ఇల్లు మీదొక్కటే పెద్దమ్మా."

"ఇల్లు కాల్లేదు, నిజమే," అంది. తర్వాత అంది: "నా పక్క ఒక తూరి చూసింటే, నేనే చెప్పుందును గదా పాపా. నీ నోట్లో నుంచి రావాల్సిన పని లేదు."

ఆ రోజు గానుగ దగ్గర నేను ఏసును చూశాను, పచ్చయ్యప్పను చూశాను. పేరు చెప్పే ముందు ఆమె వైపు చూడలేదు.

ఆమె కర్పూరం అడిగింది. బిళ్ళ తీసి ఇచ్చాను.

"అగ్గిపెట్టె గూడా ఇయ్యి."

బలిపీఠం దగ్గర ఆమె గీసిన మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండో పుల్ల బిళ్ళకు అంగుళం పక్కన పడింది. ఒంటి కంటితో దూరం అంచనా కుదరడం లేదు. మూడోదీ అంతే. నేను అంగడి దిగి, దగ్గరికి పోయి, గాలికి అడ్డంగా రెండు చేతులూ పెట్టాను. అగ్గిపెట్టె నా చేతికి ఇచ్చింది. వెలిగించాను.

"చెయ్యి పెట్టు," అంది. "ఎవురు ఎవురికి ఓటేస్తారో ఇంకెప్పుడూ చెప్పనని చెప్పు. మీ అన్నకు గూడా."

చెప్పాను. అరచెయ్యి మంట మీద కప్పాను. ఆమె తన చెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టి అదిమింది. బిళ్ళ చిన్నదే. ఆరిపోయిందని నా అరచేతికి తెలిసింది. ఆమె చెయ్యి మాత్రం ఇంకా తియ్యలేదు.